పెట్టె విప్పే చేయి పదిలం!

ఇల్లు మారేటప్పుడు అద్దాల బీరువాకి దుప్పట్లు చుడతాం. టీవీకి నాలుగువైపులా థర్మోకోల్ పెడతాం. గాజు గ్లాసుల్ని పసిపాపల్లా పొత్తిళ్లలో పెడతాం. మరి కత్తుల్ని? చేతికందిన పేపరు చుట్టి ఏదో ఒక పెట్టెలో పడేస్తాం. ఎలాగూ పగిలేవి కావుగా అని ధీమా. నిజమే, కత్తి పగలదు... కోస్తుంది!

కొత్తింట్లో తొలి ఉదయం. ముహూర్తం ముంచుకొస్తోంది. స్టవ్వు బిగించారు. గిన్నెకు పసుపూ కుంకుమా పెట్టారు. పాల ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది ఇల్లాలికి... దాన్ని కత్తిరించడానికి ఏమీ లేదని! 'ఏమండీ, వంటింటి సామాన్ల పెట్టెలో చాకు ఉంటుంది, కాస్త చూడండి' అంది. హాలు నిండా పెట్టెలే. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆయన కనిపించిన పెట్టె టేపు పీకి, కాగితపు ఉండల మధ్యకు చేయి పోనిచ్చాడు. చాకు దొరికింది. కాకపోతే పిడి కాదు, పదునువైపు! దానికి చుట్టిన పేపరు లారీలోనే ఎప్పుడో చిరిగిపోయింది మరి. పాలు పొంగాల్సిన ఇంట్లో ముందు నెత్తురు చిందింది. పాలు పొయ్యి మీద పెట్టాల్సిన సమయానికి ఆ ఇల్లాలు కొత్త వీధిలో ఆసుపత్రి ఎక్కడుందని పక్కింటివాళ్లను అడుగుతోంది.

ఇది ఏ ఇంట్లోనైనా జరగొచ్చు. వేసవి సెలవులొచ్చి, ఉద్యోగుల బదిలీలు మొదలై, ఆషాఢం రాకముందే ఇల్లు మారిపోవాలని అందరూ హడావుడి పడే రోజుల్లో మరీనూ. ఆ హడావుడిలో అందరూ ఆలోచించేది సామాను గురించే... ఏది పగులుతుంది, ఏది గీసుకుపోతుంది అని. కత్తుల దగ్గరకొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. అక్కడ కాపాడుకోవాల్సింది వస్తువుని కాదు, మనిషిని!

సర్దేది ఒకరు... విప్పేది మరొకరు

వంటింట్లో ఉన్నన్నాళ్లూ కత్తి మనకు లోబడే ఉంటుంది. ఎందుకంటే అది ఎక్కడుందో తెలుసు. పిడి ఎటుందో, ఎంత పదునుందో, ఏ మూల వంకర పోయిందో కూడా తెలుసు. చీకట్లో చేయి చాచినా పిడే చేతికొస్తుంది. అదే కత్తి పెట్టెలోకి వెళ్లాక ఆ పరిచయమంతా పోతుంది. సర్దినవాళ్లకి కూడా అది లోపల ఎటు తిరిగి ఉందో తెలీదు. ఇక పెట్టెని అడుగున చేతులు పెట్టి ఎత్తే కుర్రాడికేం తెలుస్తుంది? బొమ్మల కోసం వెతుకుతూ పెట్టెలన్నీ తెరిచే ఐదేళ్ల పిల్లాడికేం తెలుస్తుంది? సాయానికొచ్చిన అత్తగారికో, మరిదికో ఏం తెలుస్తుంది?

అందుకే కత్తిని సర్దేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే. 'ఇందులో కత్తి ఉందని తెలీని మనిషి ఈ పెట్టెలో చేయి పెడితే ఏమవుతుంది?' ఏమీ కాదు అని గట్టిగా చెప్పగలిగితే సర్దడం పూర్తయినట్టు. లేదంటే పెట్టె ఇంకా మూయకూడదు.

కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు కత్తెరని, కత్తిని చేతికి చేతికి ఇవ్వనివ్వరు. కింద పెట్టమంటారు, అప్పుడు ఎదుటివాళ్లు తీసుకుంటారు. అలా ఇస్తే గొడవలొస్తాయని చెబుతారు. గొడవల సంగతేమోగానీ ఆ అలవాటులో ఓ మంచి జాగ్రత్త ఉంది. ఇచ్చేవాళ్ల చేయి పూర్తిగా వదిలాకే పుచ్చుకునేవాళ్లు పిడి చూసుకుని తీసుకుంటారు. ఇల్లు మారేటప్పుడు కత్తి ఒక చేతి నుంచి మరో చేతికి వెళుతుంది, అదీ కళ్లకు కనిపించకుండా. అప్పుడు ఆ జాగ్రత్త ఇంకెంత కావాలి!

చిన్న గాటే కదా అనుకోవద్దు

కూర తరిగేటప్పుడు వేలు కోసుకోవడం కొత్తేం కాదు. అయితే అది పైపైన, వేలి కొసన తగిలే దెబ్బ. పెట్టెలో చేయి పెట్టినప్పుడు అలా కాదు. వస్తువు దొరికిందనుకుని వేళ్లు ముడిచి గట్టిగా పట్టుకుంటాం. పట్టుకున్నది పదునునైతే గాటు అరచేతి వైపు, వేళ్ల ముడతల దగ్గర లోతుగా దిగుతుంది.

అక్కడే ఉంది చిక్కంతా. మన వేళ్లను ముడిచే పెద్ద కండరాలు వేళ్లలో ఉండవు. ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి టెండన్లు అనే తాళ్లలాంటివి మణికట్టు మీదుగా వేలి కొసల దాకా వెళతాయి. ముంజేతి కండరం లాగితే వేలు ముడుచుకుంటుంది, తోలుబొమ్మకి కట్టిన దారంలా. వేళ్ల దగ్గర ఈ టెండన్లూ, స్పర్శను తెలిపే నరాలూ చర్మానికి చాలా దగ్గరగా ఉంటాయి. పైకి చిన్నగా కనిపించే గాటు కూడా వాటిని తెంపేయగలదు. తెగితే ఆపరేషన్ చేసి కుట్టాలి. ఆ తరవాత వారాల తరబడి చేతికి పట్టీ, ఫిజియోథెరపీ. ఇదంతా పది నిమిషాల జాగ్రత్తతో తప్పేది!

పేపరు ఎందుకు చాలదు?

కత్తిని పేపర్లో చుట్టడం మనకు అలవాటు. చూడ్డానికి భద్రంగానే ఉంటుంది... కదలనంతసేపు. లారీ ఎక్కాక గతుకు గతుకుకీ పెట్టె ఎగిరెగిరి పడుతుంది. ఆ కుదుపులకి కత్తి ముందుకీ వెనక్కీ జరుగుతుంది. జరిగిన ప్రతిసారీ కాగితాన్ని కాస్త కోస్తుంది. చివరికి మొన బయటికొస్తుంది. బబుల్ ర్యాప్ అయినా అంతే. అది దెబ్బ తగలకుండా ఆపుతుందిగానీ కోతని ఆపలేదు. పాత చీరముక్కా, పల్చటి తువ్వాలూ కూడా కత్తి ముందు నిలబడవు.

పేపరుతో మరో ఇబ్బందీ ఉంది. అది చెమ్మని పీల్చి పట్టి ఉంచుతుంది. కడిగిన కత్తిని తడి ఆరకుండానే చుట్టేస్తే ఇనుప కత్తులకి తుప్పు పట్టేస్తుంది. స్టీలువి కూడా మచ్చలు పడొచ్చు. కాబట్టి ముందు రోజు రాత్రే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఇనుపవాటికి రెండు చుక్కల వంటనూనె పల్చగా పట్టిస్తే ఇంకా మంచిది.

అట్టతో ఒర... ఐదు నిమిషాల పని

కత్తికి కావాల్సింది చుట్టడానికి గుడ్డ కాదు, దూర్చడానికి ఒర. దానికోసం బజారుకెళ్లక్కర్లేదు. సామాను సర్దడానికి తెచ్చిన అట్టపెట్టెల్లో ఒకటి చాలు.

గట్టి అట్టని కత్తి అలుగు కంటే రెండంగుళాలు పొడవుండేలా కత్తిరించాలి. వెడల్పు, మధ్యకి మడిచినా కత్తికి అటూ ఇటూ జాగా మిగిలేంత ఉండాలి. అట్టని మధ్యకి మడిచి, కత్తి మొద్దువైపుని ఆ మడతలో ఆనించాలి. పదునువైపు ఒక అంగుళం ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో వేలెడు వెడల్పున్న మరో అట్టముక్కని నిలువునా పెట్టి, అప్పుడు టేపు వేయాలి. తోలు ఒరలు చేసేవాళ్లు పదును తగిలే అంచులో అదనంగా ఓ తోలుపట్టీ పెట్టి కుడతారు, కత్తి కుట్లని కోసేయకుండా! ఇక్కడ అట్టముక్క చేసే పనీ అదే. అది లేకపోతే పదును నేరుగా టేపుకే తగిలి కోసేస్తుంది.

మొన ఉన్నవైపు మిగిలిన అట్టని వెనక్కి మడిచి రెండు వరసలు టేపు వేయాలి. చివరగా ఒర మీంచి పిడి మీదకి ఓ చుట్టు టేపు చుడితే కత్తి జారదు. టేపు అట్టకీ పిడికీ అంటుకోవాలే తప్ప అలుగుకి అంటుకోకూడదు. అంటుకుంటే తీసేటప్పుడు బంక గీకాల్సొస్తుంది. గీకేటప్పుడే చేయి తెగేది!

ఇప్పుడో పరీక్ష. పిడి పట్టుకుని, మొన నేల వైపుంచి, కింద ఎవరూ లేకుండా చూసుకుని నాలుగుసార్లు ఊపాలి. ఒర కదలకపోతే సరే. జారితే మళ్లీ టేపు వేయాలి. లారీ కుదుపుల ముందు ఈ ఊపు ఓ లెక్కలోది కాదు.

ఒక్కో కత్తికీ ఒక్కో ఒర ఉండాలి. నాలుగింటినీ కట్టగా కట్టి రబ్బర్ బ్యాండ్ వేయడం పనికిరాదు. రబ్బరు తెగితే నాలుగూ ఒకేసారి విడిపోతాయి. చెక్క స్టాండులో దూర్చే కత్తుల సెట్టు ఉంటే, కత్తుల్ని స్టాండులోనే ఉంచి పంపకూడదు. పెట్టె తలకిందులైతే అన్నీ బయటికి జారతాయి. స్టాండు వేరు, కత్తులు వేరు. అల్మరా సొరుగుల్ని కూడా కత్తులూ చెంచాలతో సహా అలాగే లారీ ఎక్కించకూడదు.

మరి కత్తిపీట?

కత్తి మాట సరే, మన వంటింట్లో అసలు పెద్దదిక్కు కత్తిపీట. అమ్మమ్మ పెళ్లినాటిదో, అత్తగారు చేతికిచ్చిందో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంటుంది. దాన్ని పడేయడానికి మనసొప్పదు. సర్దడానికేమో ఏ పెట్టెలోనూ ఒదగదు. చివరికి గోనెసంచిలో వేసి లారీ మూల పెట్టేస్తారు. పీట మీద నిలువుగా లేచిన అలుగు, దాని చివర కొబ్బరి కోరే పళ్లు... సంచిలోంచి పొడుచుకొస్తే పట్టుకున్నవాళ్ల పని అంతే.

మడిచే కత్తిపీటైతే పని సులువు. అలుగుని పూర్తిగా మడిచి, తెరుచుకోకుండా రెండుచోట్ల తాడుతో గట్టిగా బిగించాలి. మడత బాగా వదులైన పాతవాటికి ఈ కట్టు తప్పనిసరి.

మడవడానికి వీల్లేనిదైతే ఓ చిట్కా ఉంది. మొక్కలకి నీళ్లు పట్టే ప్లాస్టిక్ పైపు ముక్కని అలుగు పొడవున కోసి, దాన్ని నిలువునా ఒకవైపు చీల్చాలి. ఆ చీలికలోకి అలుగు పదునుని దూర్చితే పైపు వంపు తిరిగిన అలుగుకి తగ్గట్టే వంగి పట్టుకుంటుంది. దాని మీంచి తాడు చుట్టాలి. కొబ్బరి కోరే పళ్ల మీద ఖాళీ కొబ్బరిచిప్ప బోర్లించి కట్టేస్తే సరి, అది పుట్టింది కూడా ఆ పళ్లకి ఎదురు నిలవడానికే కదా! ఇదంతా అయ్యాక పాత దుప్పటి చుట్టి, పీట అడుగున ఉండేలా వెడల్పాటి పెట్టెలో పెట్టాలి. అటూ ఇటూ ఒరగకుండా చుట్టూ గుడ్డలు కుక్కాలి.

కత్తులని అనిపించని కత్తులు

కత్తులన్నీ సర్దేశాం అనుకున్నాకే అసలు ముప్పు. మిక్సీ జారు అడుగున బ్లేడుంటుందని అందరికీ తెలుసు. కానీ చోటు కలిసొస్తుందని ఆ జారులోనే చెంచాలూ పోపు డబ్బా మూతలూ కుక్కేస్తాం. విప్పేటప్పుడు వాటికోసం చేయి లోపలికి పోతుంది! జారులో ఏమీ పెట్టకుండా మూత బిగించి టేపు వేయడమే మేలు. ఫుడ్ ప్రాసెసర్ చక్రాల్ని ఒకదానికొకటి తగలకుండా మధ్యలో అట్ట పెట్టి డబ్బాలో పెట్టాలి.

తురుముపీట, చిప్స్ కోసే పీట, తొక్క తీసే పీలరు, కత్తెర, డబ్బా మూతలు కోసే ఓపెనరు... ఇవన్నీ ఆ జాబితాలోవే. తురుముపీట పళ్లమీద గట్టి అట్ట పెట్టి కట్టాలి. పీలర్లలాంటి చిన్నవాటికి మూత బిగుసుకునే ఖాళీ ప్లాస్టిక్ డబ్బా చాలు. కత్తెరని మూసి, మొనకి అట్ట చుట్టి టేపు వేయాలి.

పెట్టె మీద ఏం రాయాలి?

ఒరలు తొడిగిన కత్తులన్నిటినీ ఒకే చిన్న పెట్టెలో పెట్టాలి. గుడ్డలు, పప్పుడబ్బాల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి దాచిపెట్టకూడదు. ఎక్కడెక్కడ పెట్టామో మనమే మరిచిపోతాం. పెట్టెలో కత్తుల్ని పడుకోబెట్టాలి, నిలబెట్టకూడదు. మొనలన్నీ ఒకవైపే ఉండాలి. అడుగున అదనంగా మరో అట్ట వేసి, ఖాళీలన్నీ కాగితాలతో నింపితే కదలవు.

పెట్టె మీద 'వంటిల్లు' అని రాసి ఊరుకుంటే చాలదు. 'కత్తులు... జాగ్రత్త' అని నాలుగువైపులా, పైనా పెద్దక్షరాలతో రాయాలి. సామాను మోసే కుర్రాళ్లలో తెలుగు రానివాళ్లూ ఉంటారు, అసలు చదవడం రానివాళ్లూ ఉంటారు. ఎర్ర స్కెచ్ పెన్నుతో ఓ కత్తిబొమ్మ గీస్తే అందరికీ అర్థమవుతుంది. పిడులు ఎటున్నాయో ఆ వైపు బాణం గుర్తు వేయాలి. లారీ ఎక్కించేటప్పుడు ఆ పెట్టెని వాళ్లకి నోటితో కూడా చెప్పి చూపించాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి... లెక్క. ఆపరేషన్ థియేటర్లో కత్తుల్నీ కత్తెరల్నీ ఆపరేషన్‌కి ముందూ తరవాతా లెక్కపెడతారు, లోపల ఏదీ ఉండిపోకూడదని. ఇంట్లో కూడా అదే పద్ధతి. పెట్టె మీద 'మొత్తం 7' అని రాసుకోవాలి. కొత్తింట్లో విప్పినప్పుడు ఆరే తేలితే, ఏడోది కాగితాల చెత్తలో ఉన్నట్టు! ఆ కాగితాలు ఉండచుట్టి పారేయకముందే వెతకాలి.

ఆఖరి చాకు సంగతి

ఎంత సర్దినా చివరిరోజు దాకా ఓ చాకు బయట ఉండాల్సిందే. ఉల్లిపాయ తరగాలి, తాళ్లు కోయాలి, టేపు తెంపాలి. అన్నీ ముందే సర్దేసి ఒక్కటి మిగిల్చుకోవడం మంచిదే. కానీ దాని ఒర కూడా ముందే చేసి పక్కన పెట్టుకోవాలి. లేదంటే లారీ హారన్ మోగుతుండగా, ఇల్లు తాళం వేస్తుండగా అది ఏ చేతిసంచిలోనో, స్కూటర్ డిక్కీలోనో పడుతుంది. ఆఖరి ట్రిప్పులో స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకునే సంచిలో కత్తులు ఉండనే కూడదు. సడన్ బ్రేకు పడితే ఆ సంచి ఎటు ఒరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కారులో అయితే డిక్కీలో, బరువైన పెట్టె పక్కన కదలకుండా ఉంచాలి.

విమానం ఎక్కే కత్తిపీట

అమెరికాలో ఉన్న అమ్మాయికి ఆవకాయతో పాటు కత్తిపీట కూడా మోసుకెళ్లే అమ్మానాన్నలున్నారు. పచ్చిమామిడికాయ ముక్కలు చేయాలన్నా, గోరుచిక్కుళ్లు కోయాలన్నా దాని మీద కోసినట్టు ఉండదని వాళ్ల నమ్మకం. తీసుకెళ్లొచ్చు. కానీ పదునైన కత్తుల్ని విమానంలో చేతిసంచిలో పెట్టుకోనివ్వరు. చెకిన్ చేసే సూట్‌కేసులోనే పెట్టాలి. అదీ ఒర తొడిగి, గట్టిగా చుట్టి! అమెరికా విమానాశ్రయాల్లో భద్రత చూసే సంస్థ టీఎస్ఏ కూడా ఈ మాటే చెబుతుంది. సామాను మోసేవాళ్లకీ, తనిఖీ చేసేవాళ్లకీ గాయం కాకుండా పదునైన వస్తువుల్ని భద్రంగా చుట్టి పెట్టాలంటుంది. అక్కడ సూట్‌కేసు తెరిచి లోపల చేయి పెట్టేది మన ముఖం కూడా చూడని మనిషి. ఆ చేతికీ గాటు పడకూడదు కదా.

పారేసేవాటికీ ఒర కావాలి

ఇల్లు మారేటప్పుడు విరిగిన చాకులు, మొండి బ్లేడులు, పిడి ఊడిన కత్తులు బయటపడతాయి. ఇంకెందుకని చెత్తబుట్టలో వేసేస్తాం. మర్నాడు ఆ చెత్తని చేత్తో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికుల సంగతో? మన కత్తి మనింటి గడప దాటినంత మాత్రాన దాని పదును పోదు. పాత ఇనుప సామాన్లు కొనేవాళ్లకి చూపించి ఇవ్వడం మేలు. చెత్తలోనే వేయాల్సి వస్తే అట్టలో పెట్టి, టేపు చుట్టి, పైన 'కత్తి' అని రాసి విడిగా అందించాలి. పనికొచ్చేవాటికి సాన పట్టించాలనుకుంటే ఇల్లు మారాకే పట్టించుకోవచ్చు. ప్రయాణానికి ముందు పదును పెంచడమెందుకు!

ఒకవేళ తెగితే...

శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. కనీసం పది నిమిషాలు నొక్కి ఉంచాలి. మధ్యమధ్యలో ఎత్తి చూడొద్దు. పసుపు, కాఫీపొడి అద్దొద్దు, గాయం ఎంత లోతుందో డాక్టరుకి కనిపించకుండా పోతుంది. రక్తం ఆగకపోయినా, వేలు ముడవలేకపోయినా, చాచలేకపోయినా, తిమ్మిరిగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో డాక్టరుకి చెప్పాలి. వేలు పూర్తిగా తెగిపడితే ఆ ముక్కని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ సంచిలో వేసి మూసి, ఆ సంచిని ఐసు మీద పెట్టి తీసుకెళ్లాలి. ముక్కని నేరుగా ఐసులో వేయకూడదు.

ముందే చేతిసంచిలో...

అసలు కొత్తింట్లో అడుగుపెట్టగానే కత్తుల పెట్టె విప్పాల్సిన అవసరం రాకూడదు. ఆ తొలిపూటకి కావాల్సినవి ఓ చేతిసంచిలో విడిగా పెట్టుకోవాలి... పాలగిన్నె, అగ్గిపెట్టె, పంచదార, గ్లాసులు, మొన లేని చిన్న కత్తెర. పెట్టెలకి టేపు వేసేటప్పుడు చివర కాస్త లోపలికి మడిచి వదిలితే తరవాత చేత్తోనే లాగొచ్చు. కత్తుల పెట్టె తెరవడానికి మరో కత్తి వెతుక్కునే పని ఉండదు.

కత్తుల పెట్టెని మర్నాడు, పిల్లలు లేనప్పుడు, వెలుతురున్నచోట తీరిగ్గా విప్పుకోవచ్చు. ఒక్కొక్కటీ పిడి పట్టుకుని తీసి, లెక్క చూసుకుని, కడిగి చోటులో పెట్టుకోవచ్చు. కడిగేటప్పుడు సబ్బునీళ్ల సింకులో మాత్రం మునగేసి వదలకూడదు. నురగ కింద కత్తి కనపడదు.

ఇక ఆ తొలి ఉదయం... ముహూర్తం వేళకి చేతిసంచిలోంచి కత్తెర బయటికొస్తుంది. ప్యాకెట్ మూల తెగుతుంది. గిన్నెలో పాలు పడతాయి. హాల్లో ఓ మూల, ఎర్ర కత్తిబొమ్మ ఉన్న పెట్టె ఇంకా టేపు వేసే ఉంటుంది. పాలు పొంగుతాయి!